మొదటి రోజు ముఖం

ఆ వీడియోను మూడోసారి పెట్టేసరికి ఇమ్మానుయేల్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అందులో ఉన్నది అతని కూతురు సౌందర్య. "మొదటి రోజు" అన్న అక్షరాల కింద చెంపల నిండా ఎర్రటి దద్దులు, ఉబ్బిన కనురెప్పలు. రెప్పపాటులో "పద్నాలుగో రోజు" అన్న అక్షరాలు వచ్చాయి. అదే పిల్ల కడిగిన ముత్యంలా ఉండి, చెంప మీద వేళ్లు ఆనించి, నవ్వుతూ ఏదో విదేశీ క్రీము పేరు చెబుతోంది. ఆ రోజు పొద్దున పెట్టిన వీడియో అది. కింద వందల కొద్దీ మెచ్చుకోళ్లు.

అదే పొద్దున ఆ పిల్ల హన్మకొండలో ఒక దవాఖానలో కళ్లు తెరవలేక, పెదాలు కదపలేక పడి ఉంది.

"చెల్లె, దాని ఫోన్ సుత నా తాననే ఉన్నది," అన్నాడు ఇమ్మానుయేల్. "మరి దాని మొహం పెట్టుకొని పొద్దున మాట్లాడింది ఎవలు?"

నేను రజితను. జనగామ స్టేషన్ రోడ్డులో నాకో చిన్న ఎంక్వైరీ ఆఫీసు ఉంది. వచ్చేవన్నీ దాదాపు పెళ్లి సంబంధాల కేసులే. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి ఇదివరకే ఎవరితోనైనా మాట అయిందా, ఇల్లు సొంతమా కిరాయా. మనుషుల మురికి నాకు అలవాటే. ముక్కు మూసుకోకుండా పని చేయడం నేర్చుకున్నాను. కానీ ఆ రోజు, దవాఖానలో పడి ఉన్న పిల్ల మొహానికి "సూపర్ గ్లో అక్క" అని ఎవరో పూలగుర్తు పెట్టడం చూశాక నాకూ ముక్కు మూసుకోవాలనిపించింది.

ఇమ్మానుయేల్‌ది తరిగొప్పుల. పత్తి మార్కెట్‌లో హమాలీ, ఆదివారం ఊరి చర్చిలో ప్రార్థన చదివే పెద్దమనిషి. అతను చెప్పిన దాన్నిబట్టి, మొన్న సాయంత్రం సౌందర్య జనగామ నుంచి బస్సు దిగేటప్పటికే మొహానికి చున్నీ చుట్టుకుని ఉంది. ఏమైందంటే ఏం లేదంది. రాత్రికి పొక్కులు లేచాయి. తెల్లారేసరికి మొహం గుమ్మడికాయంత ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. డాక్టర్లు ఆసిడ్ అని అనుమానిస్తున్నారు గానీ ఖాయంగా చెప్పలేకపోతున్నారు. మొహానికి ఏం తగిలిందో తెలిస్తే దానికి తగ్గ మందు పెడతామని, తెలియకపోతే ఈ సాయంత్రానికి కుడి కన్ను మీద ఆశ వదులుకోవాలని చెప్పారట. పోలీసులు కేసు రాసుకుని వెళ్లారు. పిల్ల నోరు విప్పితే మళ్లీ వస్తారట.

సాయంత్రం దాకా ఆగే ఓపిక అతనికి లేదు, నాకూ లేదు.

సౌందర్య డిగ్రీ చదివి ఉద్యోగం దొరక్క, ఇంట్లో కూర్చుని సబ్బులు, గిన్నెలు, తలనూనెలు ఎలా ఉన్నాయో చెప్పే వీడియోలు తీసుకునేది. అవి చూసి శ్రావణ్ అనే కుర్రవాడు పిలిచాడు. ఆ పిల్ల ఫోన్‌లోని మెసేజ్‌లను బట్టి వాడు నేర్పిన విద్య ఇది. పెద్ద కంపెనీల జోలికి పోవద్దు, అవి జవాబు ఇవ్వవు. పరాయి దేశాల్లో ఇంట్లోనే సబ్బులు వండుకునేవాళ్లు, వంటింట్లో క్రీములు కలిపి సీసాల్లో పోసుకునేవాళ్లు ఉంటారు. తమ సరుకు గురించి ఎవరైనా ఒక్క మాట రాస్తే చాలు, పండగ చేసుకునేవాళ్లు. వాళ్లకు సోషల్ మీడియాలో మెసేజ్ పెట్టాలి. "నేను ఇండియాలో చిన్న పల్లెటూరి అమ్మాయిని. మా నాయనమ్మ కూడా ఇలాంటి లేపనమే చేసేది. మీ డబ్బా ఒకటి పంపిస్తే నేను వాడి, నిజాయితీగా ప్రపంచానికి చెబుతాను." సౌందర్య నాయనమ్మ జన్మలో లేపనం చేసి ఎరగదు. ఆ నాయనమ్మనే జనగామ పిల్లకూ మానుకోట పిల్లకూ భూపాలపల్లి పిల్లకూ అద్దెకిచ్చి, ఒకే మెసేజ్‌ను వందలమందికి పంపించాడు శ్రావణ్. నమ్మిన వాళ్లు పార్సిళ్లు పంపించారు. వీడియో బాగుంటే తర్వాత డబ్బులూ పంపించారు. ఖాతాల తాళాలన్నీ వాడి చేతిలోనే ఉంటాయి. కాబట్టి పొద్దున మాట్లాడింది ఎవరన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

దొరకనిది ఇంకొకటి ఉంది. వీడియోను ఆపి, వేళ్లతో పెద్దది చేసి, ఆ పిల్ల గోళ్లు చూశాను.

"గోరింటాకు ఎప్పుడు పెట్టుకున్నది?" అని అడిగాను.

పోయిన నెల వాళ్ల పెద్దనాయిన బిడ్డ పెళ్లికి ఆకు రుబ్బి పెట్టుకున్నారని, ఆ తర్వాత మళ్లీ పెట్టుకోలేదని ఇమ్మానుయేల్ చెప్పాడు. ఎందుకడిగానో అతనికి అర్థం కాలేదు. ఫోన్ అతని ముందు పెట్టాను. "పద్నాలుగో రోజు" నవ్వుతున్న సౌందర్య గోళ్లు మొదలంటా ఎర్రగా ఉన్నాయి. "మొదటి రోజు" దద్దులతో ఉన్న సౌందర్య గోళ్ల కింద మాత్రం, ఎరుపు పైకి జరిగి, తెల్లటి నెలవంక కనిపిస్తోంది. ఆకు పండిన గోరు పెరిగితే కింద తెలుపు వస్తుంది. గోరు వెనక్కి పెరగదు.

"పద్నాలుగో రోజు ముందు తీసిండ్రు," అన్నాను. "మొదటి రోజు తర్వాత తీసిండ్రు."

అంటే ఆ పిల్లకు ముందు ఏ రోగమూ లేదు. నవ్వు ముందే తీసి దాచుకుని, ఆ తర్వాత మొహాన్ని చెడగొట్టి, చెడిపోయిన మొహాన్ని ముందు అతికించారు. ఇమ్మానుయేల్ కండువా భుజాన వేసుకుని, శ్రావణ్ తరఫు మనిషి ఒకడు రాత్రి ఫోన్ చేశాడని, మాట్లాడుకుందాం రమ్మన్నాడని చెప్పాడు. నేనూ వస్తానన్నాను.

శ్రావణ్ తండ్రి హన్మంత్‌కు జనగామలో పలుకుబడి ఉంది, రాజకీయం ఉంది, రెండంతస్తుల ఇల్లుంది. కింద కుటుంబం, పైన కొడుకు ఆఫీసు. మెట్లెక్కి లోపలికి వెళ్లేసరికి శ్రావణ్ తరఫు మనిషి ఎవరో తెలిసింది. హైదరాబాద్ డిటెక్టివ్ మహీధర్. నేను మూడు నెలలు తిరిగి తేల్చిన ఒక పెళ్లి కేసును వారంలో తాను తేల్చినట్టు చెప్పుకుని పేరు కొట్టేసిన మహానుభావుడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో మడతపెట్టే స్టాండు. గది మధ్యలో కుర్చీ వేసి, దాని ఎదురుగా గుండ్రటి దీపం వెలిగించి పెట్టాడు. ఆడపిల్లల మొహాలు మెరవడానికి పెట్టే దీపం అది. ఇప్పుడు ఒక తండ్రి మొహం కోసం పెట్టాడు.

"రజిత గారూ, మీరు సంబంధాలు చూసుకోండి," అన్నాడు నన్ను చూడగానే. "ఇది డిజిటల్ వ్యవహారం."

ఇమ్మానుయేల్‌ను మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టాడు. దవాఖాన ఖర్చు అంతా శ్రావణ్ చూసుకుంటాడట. బదులుగా కెమెరాలో రెండు ముక్కలు చెబితే చాలట. మా బిడ్డ ఇంట్లో ఏదో పసరు పూసుకుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు, అంతే. మొదట తను చెప్పి చూపించాడు. చెబుతూ చెబుతూ చివర్లో గొంతు కాస్త వణికించాడు కూడా. అలా వణికితే బాగుంటుందని సలహా ఇచ్చాడు. వాడికి సిగ్గు అనేది పుట్టుకతోనే లేదో, హైదరాబాద్‌లో ఎక్కడైనా జారవిడుచుకున్నాడో నాకు తెలియదు.

ఇమ్మానుయేల్ దీపం వెలుగులో కళ్లు చిట్లించి కూర్చున్నాడు. కెమెరా మీద ఎర్రబత్తి వెలిగింది.

"మా బిడ్డ," అన్నాడు. ఆగాడు. మహీధర్ చేత్తో సైగ చేశాడు, కానీయమని. ఇమ్మానుయేల్ లేచి నిలబడ్డాడు. "అయ్యా, నేను ఆదివారం దేవుని మాట చదివే నోటితోని గిది చెప్పలేను. పైసల్లేకుంటే నా ఇల్లు అమ్ముకుంట."

మహీధర్ విసుగ్గా కెమెరా ఆపాడు. ఇల్లమ్మినా ఆ వైద్యం ఎన్నాళ్లో సాగదని లెక్క చెప్పబోయాడు. ఆ లెక్క తర్వాత చెబుదువు గానీ ముందు నీ క్లయింట్‌తో నన్ను మాట్లాడనివ్వమని అడ్డం వెళ్లాను.

శ్రావణ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఇరవై ఏడెనిమిదేళ్లుంటాయి. నున్నటి గడ్డం, కుడి చేయి ప్యాంటు జేబులో. నన్ను అక్కా అని పిలిచి, చాయ్ తెప్పించనా అని అడిగాడు. సౌందర్య విషయంలో తనకూ బాధగా ఉందన్నాడు. ఆ పిల్ల ఈ గదిలోకి వచ్చి నెల దాటిందట. వీడియోలన్నీ ఇంట్లోనే తీసి పంపిస్తుందట. తను అతికించి పెట్టడమేనట.

మరి దవాఖానలో ఉన్న పిల్ల వీడియో పొద్దున ఎందుకు పెట్టావని అడిగాను.

"డేట్ ఇచ్చినం అక్క. ఆపితే బ్రాండ్ పోతది."

ఎంత మామూలుగా అన్నాడంటే, బస్సు వెళ్లిపోతుందన్నట్టు అన్నాడు. నా చేయి దురద పెట్టింది. కొట్టలేదు. గది చూడటం మొదలుపెట్టాను.

ఒక గోడకు ఆకుపచ్చ పరదా. ఒక మూల చేతులు కడుక్కునే సింకు, దాని పక్కన తువ్వాలు. ఒక గోడ పొడవునా అర మీద విదేశీ డబ్బాలు, సీసాలు, ఆకులూ పువ్వులూ అచ్చేసిన అందమైన కాగితాలతో. మూతలు తీసి చూస్తే సగం ఖాళీవి. ఒకదాంట్లో ఇంట్లో వాడే కొబ్బరినూనె, ఇంకోదాంట్లో పిండి కలిపిన వాసన. పైన పటారం లోన లొటారం. మన ఇళ్లల్లో బిస్కెట్ల డబ్బాలో సూదులూ దారాలూ, హార్లిక్స్ సీసాలో కందిపప్పూ పోసుకోవడం మామూలే. వీడు ఆ అలవాటును వ్యాపారం చేశాడు.

ఇంకో మూల ఇనుప అరల్లో పాత ఫోన్లు, పగిలిన అద్దాలతో, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి ఉన్నాయి. నేను చూస్తుండగానే వాటిలో నాలుగైదు వాటంతట అవే వెలిగి, ఏదో రాసి, ఆరిపోయాయి. దగ్గరికి వెళ్లి చదివాను. "సూపర్ అక్క, నేను కూడా వాడిన, మస్తుంది." పొద్దున సౌందర్య మొహం కింద మెచ్చుకున్న వందలమంది ఎవరో అప్పుడు తెలిసింది. పూలగుర్తు పెట్టింది కూడా మనిషి కాదు. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

సింకు పైన అద్దం ఉంది. అద్దం అంచున మూడు బొట్టుబిళ్లలు అతికించి ఉన్నాయి. ఆడవాళ్లు మొహం కడుక్కునే ముందు తీసి అద్దానికి పెడతారు, మరిచిపోతారు. ఏ ఇంట్లో చూసినా ఉంటాయి. రెండు పాతవి, దుమ్ము పట్టినవి. మూడోది కొత్తది, మెరూన్ రంగుది, చుట్టూ సన్నటి బంగారు అంచు. ఫోన్ తీసి పొద్దుటి వీడియో పక్కన పెట్టుకుని చూశాను. "మొదటి రోజు" దద్దుల మొహం మీద ఇదే బొట్టు.

మొన్న సౌందర్య ఇక్కడే ఉందని అన్నాను. ఇక్కడే తీశారు, ఇక్కడే మొహం కడుక్కుంది, ఇక్కడే బొట్టు తీసి పెట్టింది.

మహీధర్ నవ్వాడు. ఆ అవకాశం కోసమే కాచుకున్నట్టు నవ్వాడు. "మేడమ్, అమ్మాయి పేరు సౌందర్య ఇమ్మానుయేల్. చర్చి పెద్ద కూతురు. వాళ్లు బొట్టు పెట్టుకోరు. వీడియోలో కనిపిస్తున్నది కంప్యూటర్‌లో అతికించిన బొట్టు. అద్దం మీద ఉన్నది ఈ ఇంటి ఆడవాళ్లలో ఎవరిదైనా కావచ్చు. ఈ మాత్రం తెలియకుండా ఎంక్వైరీలు ఎలా చేస్తున్నారు?"

శ్రావణ్ కూడా గబగబా తలూపాడు. నిజమే అక్కా, క్రిస్టియన్ పిల్ల కదా అన్నాడు. వాళ్ల ధీమా అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది. చర్చి పెద్ద తన కూతురు బొట్టు పెట్టుకుంటుందని ఒప్పుకోడు కదా. నేను కూడా ఒక్క క్షణం ఇమ్మానుయేల్ వైపు చూడలేకపోయాను.

"పెట్టుకుంటది," అన్నాడు ఇమ్మానుయేల్.

నేలవైపు చూస్తూ అన్నాడు. "ఇండియా పిల్ల లెక్క కనపడాలెనని గీళ్లు పెట్టుమన్నరట. ఇంటికి రాకముందే తీసేస్తది. నుదురు మీద జర జిగురు మిగుల్తది. నాకు తెల్వదనుకుంటది. నేను చూడనట్టే ఉంట."

మహీధర్ నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్లూ కూతురి నుదుటి మీద జిగురు చూసి కూడా నోరు మెదపని ఆ తండ్రి ముందు మేమంతా మరీ చిన్నవాళ్లమైపోయాం.

జేబురుమాలుతో ఆ బొట్టుబిళ్లను మెల్లగా ఒలిచాను. వెలుగులో పెట్టి చూస్తే దాని అంచున వేలిముద్ర ఉంది. మట్టి కాదు, కాటుక కాదు. నల్లగా, గోధుమ అంచుతో, రుమాలు తడిపి రుద్దినా పోని మరక. సింకు అంచున అలాంటిదే ఇంకొకటి. తువ్వాలు విప్పితే దాని కొసన నాలుగైదు. ఉతికిన తువ్వాలే, మరకలు మాత్రం అలాగే ఉన్నాయి. ఉతికినా పోని మరక ఏదో, ఊరి బట్టలుతికే మా అమ్మమ్మ దగ్గర పెరిగిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరందరి బట్టలు కలిసిపోకుండా గుర్తు పెట్టడానికి వాడేది అదే. గింజను సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట మూలన చుక్క పెడితే బట్ట చిరిగేదాకా చుక్క ఉంటుంది. ఆ చేత్తో ఒళ్లు గోక్కుంటే మాత్రం పొక్కులే. పిల్లలను ఆ గింజ దరిదాపులకు రానిచ్చేవారు కాదు.

"శ్రావణ్, కుడి చేయి జేబుల నుంచి తియ్యి."

వాడు తీయలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఇంకా లోపలికి దోపుకున్నాడు. మహీధర్ వాడి వైపు చూశాడు. తన క్లయింట్ చేయి మీద వాడికి కూడా అప్పుడే ఆసక్తి పుట్టింది. నేను వెళ్లి మణికట్టు పట్టుకుని లాగాను. చూపుడువేలికి బట్ట చుట్టి ఉంది. విప్పితే వేలి కొస నల్లగా కాలి, చుట్టూ తోలు ఊడి, నీరు కారుతోంది.

"నల్లజీడి," అన్నాను. "ఆ పిల్ల మొహానికి జీడి పూసినవ్."

వాడు కుర్చీలో కూలబడి ఏకబిగిన చెప్పుకొచ్చాడు. ఈ చిన్న బ్రాండ్ల క్రీములు మంచివే గానీ, వాటితో ఏ మార్పూ కనిపించదట. మార్పు కనిపించకపోతే వీడియో ఎవరూ చూడరట. బాగున్న మొహాన్ని ఇంకా బాగు చేయలేం గానీ, చెడగొట్టి చూపించగలం కదా అని వాడికి తోచింది. మొదట్లో దురదగొండి వాడాడు. మానుకోట పిల్ల మొహానికి అదే రుద్దాడు. సౌందర్యకూ రెండుసార్లు రుద్దాడు, ఆ పిల్ల ఒప్పుకునే రుద్దించుకుంది. కానీ దురదగొండి దద్దులు కెమెరా సర్దేలోపే మాయమవుతున్నాయి. అందుకని జీడి రసం తెచ్చి వెన్నలాంటి దేంట్లోనో కలిపాడు. డబ్బా పేరు కెమెరాలో కనపడాలి కాబట్టి, విదేశీ డబ్బాలోని అసలు క్రీము తీసేసి అందులో నింపాడు. కొత్త బ్యాచ్ క్రీము, జర మండుతది అని సౌందర్యతో చెప్పాడు. ఆ పిల్ల తన చేతులతో తనే పూసుకుంది. మంటకు కళ్లు నలుపుకుంది.

"గింత అయితదని నాకు తెల్వదక్క," అన్నాడు. "తెల్లారి దిగిపోతదనుకున్న."

ఒప్పుకునే రుద్దించుకుంది అన్న మాట దగ్గర ఇమ్మానుయేల్ మొహం ఒక్కసారి ముడుచుకుంది. అంతే. నాకు మాత్రం ఆ గదిలో గాలి పీల్చడమే రోతగా అనిపించింది. ఎక్కడో ఒక వంటింట్లో ఎవరో ఆడమనిషి శ్రద్ధగా పువ్వులు నానబెట్టి, నూనె కాచి, చేత్తో కాగితం అతికించి పంపించిన డబ్బా అది. దాన్ని ఖాళీ చేసి విషం పోశాడు. ఆ ఆడమనిషినీ మోసం చేశాడు, ఈ పిల్లనూ కాల్చాడు, పైగా పూలగుర్తులు పెట్టించాడు.

మహీధర్ తన స్టాండు మడత పెట్టేస్తున్నాడు. ఈ సంగతి క్లయింట్ తనకు ముందే చెప్పి ఉండాల్సిందని గొణిగాడు. జరిగింది తప్పని కాదు, తనకు చెప్పకపోవడం తప్పట. ఇద్దరిలో ఎవరు ఎక్కువ రోతో తేల్చుకోవడానికి నాకు తీరిక లేదు. దవాఖానకు ఫోన్ చేశాను.

డాక్టరమ్మ జీడేనని ఖాయమా అని రెండుసార్లు అడిగింది. చూసిన మరకలన్నీ చెప్పాను. ఆసిడ్ అన్న అనుమానంతో ఇంతసేపు పెట్టడానికి జంకిన మందు ఒకటుందని, అది ఇప్పుడే మొదలుపెడతామని అంది. వాపు దిగితే రెప్పలు తెరిచి చూడొచ్చు, కుడి కన్ను మీద ఇప్పుడు ఆశ ఉంది అని కూడా అంది. ఆ ముక్క ఇమ్మానుయేల్ స్వయంగా వినాలని ఫోన్ అతని చెవి దగ్గర పెట్టాను. అతను విని, పక్కనున్న గోడ పట్టుకున్నాడు. చివరగా ఆమె ఇంకో సంగతి చెప్పింది. జీడిలో ఇంకేం కలిపాడో తెలియాలి, ఆ డబ్బా ఉన్నపళంగా తీసుకురండి.

శ్రావణ్ లేచి అర దగ్గరికి వెళ్లాడు. రేపు పారేద్దామనుకుని అక్కడే వెనక్కి నెట్టి పెట్టానన్నాడు. సీసాలు జరిపాడు. ఇంకొన్ని జరిపాడు. వెనక దుమ్ములో గుండ్రటి జాడ ఒకటి ఉంది, డబ్బా లేదు. వాడు నన్ను అనుమానంగా చూశాడు, తర్వాత మహీధర్‌ను చూశాడు. డబ్బా ఎవరు తీశారని గట్టిగా అరిచాడు.

ఆ కేకకు కింద నుంచి వాడి తల్లి విమల పైకి వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది. గదిలో ఇంతమందిని చూసి గుమ్మంలోనే ఆగింది. కొడుకు డబ్బా కోసం వెతుకుతున్నాడని తెలిసి, దానికేనా ఇంత లొల్లి అన్నట్టు చూసింది.

"పువ్వుల బొమ్మ ఉన్నదేనా? గది ప్రియకు పంపిన. మీ బాపు నిన్న భూపాలపల్లి పోయిండు గద, ఆయన చేతికిచ్చిన. గంత మంచి ఫారిన్ క్రీము, ఈడ దుమ్ములపడి ఖరాబైతున్నది."

ప్రియదర్శిని శ్రావణ్ అక్క. భూపాలపల్లిలో ఉద్యోగం చేసుకుంటూ ఒక్కతే ఉంటుంది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పటిదాకా సౌందర్య గురించి అన్ని మాటలు చెప్పినప్పుడు ఆ మొహం ఒక్కసారి కూడా ఇలా కాలేదు. నాకు జాలి రాలేదు, అది దాచుకోను. కానీ ఆ అమ్మాయి చేసిన పాపం ఏముంది.

ఫోన్ చేశాడు. కలవలేదు. మళ్లీ చేశాడు, నేనూ చేశాను. లైవ్ పెట్టే ముందు కాల్స్ అన్నీ బంద్ చేసుకోవాలని అక్కకు నేర్పింది తనేనని చెప్పాడు. ఆమె కూడా మొన్ననే కొత్తగా ఖాతా తెరిచిందట. తమ్ముడిలా తనూ సెలవురోజుల్లో నాలుగు వీడియోలు పెట్టాలని ఉబలాటమట. విమల భర్తకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది. నేను భూపాలపల్లి పోలీసులకు చేసి, పేరు, వీధి, సంగతి చెప్పాను. మనిషిని పంపిస్తామన్నారు. ఎంతసేపట్లోనని అడిగేలోపే మూల ఉన్న ఇనుప అరలు వెలిగాయి.

నాలుగైదు కాదు. ఈసారి అన్ని ఫోన్లూ ఒక్కసారే వెలిగాయి. ఈ ఇంటి ఖాతాల్లో ఏది లైవ్‌లోకి వచ్చినా వాటంతట అవే మెచ్చుకునేలా వాడే కట్టాడు. అక్క ఖాతాను కూడా ప్రేమగా అందులో కలిపాడు.

నా ఫోన్‌లో ఆ ఖాతా తెరిస్తే ప్రియదర్శిని కనిపించింది. తలంటుకున్న జుట్టు, కొత్త చుడీదార్. బల్ల మీద పువ్వుల డబ్బా. మా తమ్ముని దగ్గరికి ఫారిన్ నుంచి వచ్చిందని, తన మొదటి రివ్యూ ఇదేనని, ఎట్ల చేస్తున్నానో చెప్పమని సిగ్గుపడుతూ అడుగుతోంది. కింద మాటలు వరదలా పారుతున్నాయి. సూపర్ అక్క. నేను కూడా వాడిన, మస్తుంది. శ్రావణ్ గబగబా "అక్కా పెట్టుకోకు, జీడి ఉన్నది" అని రాశాడు. అది కనపడీ కనపడకముందే పైకి కొట్టుకుపోయింది. మళ్లీ రాశాడు. మళ్లీ పోయింది. అరల దగ్గరికి పరిగెత్తి తీగలన్నీ పట్టి పీకాడు. ఫోన్లు ఆరలేదు. బ్యాటరీల మీద నడుస్తూ మెచ్చుకుంటూనే ఉన్నాయి. ఒక్కొక్కదాన్నే నేలకేసి కొడుతున్నాడు. మహీధర్ స్టాండు చంకలో పెట్టుకుని ఎప్పుడో మెట్లు దిగిపోయాడు.

"ఇంతమంది వాడిండ్రా? నాకు తెల్వనే తెల్వదు," అంటూ ప్రియదర్శిని మూత తిప్పింది.

విమలకు అప్పటికి సంగతి సగమే అర్థమైంది. ఆ సగానికే నేల మీద కూర్చుండిపోయింది. ఇమ్మానుయేల్ నా భుజం పక్కకు వచ్చి నిలబడి, ఆ తెరను చూసి, కళ్లు మూసుకున్నాడు. పెదాలు ప్రార్థనలో కదులుతున్నాయి. ఎవరికోసం అడుగుతున్నాడో నేను అడగలేదు.

ప్రియదర్శిని వేలితో కొంచెం క్రీము తీసుకుని, కెమెరాకు దగ్గరగా పెట్టి చూపించింది. ఆ గోళ్లకు కొత్తగా పెట్టిన గోరింటాకు, మొదలంటా ఎర్రగా ఉంది. చెంపల మీద ఒక్క మచ్చ లేదు. ఈ ఇంటి లెక్కలో అది పద్నాలుగో రోజు ముఖం.

మొదట కళ్ల కింద రాసుకోవాలట అని ఎవరో చెప్పినట్టు నవ్వుతూ, ఆమె ఆ వేలిని పైకెత్తింది.